అరవై డాలర్ల చిల్లర

"పోనీ చిల్లర మన దేశపు బొలివర్లలో ఇచ్చేద్దాం, గొడవ వదిలిపోతుంది," అంది యుస్మారీ మళ్లీ.

"ఎక్కడున్నాయమ్మా ఇవ్వడానికి? నువ్వు బొలివర్ నోటు ముఖం చూసి ఎన్నాళ్లయింది?" అన్నాడు తండ్రి ఎవరిస్తో. "ఉన్నదంతా మీ అమ్మ ఫోన్‌లో ఉంది. అది కూడా ధరలు పెరిగి సాయంత్రానికి ఇంకాస్త కరిగిపోతుంది."

"అయితే ఫోన్‌లోనే పంపేద్దాం."

"ఎవరికి? ఆ పిల్లకి మన బ్యాంకులో ఖాతా ఉందా?"

ఆ పిల్ల మిర్కా. చెక్ దేశం నుంచి వీపు సంచీతో ఒంటరిగా వచ్చి, మెరీదాలోని వీళ్ల సత్రంలో నాలుగు రోజులుగా ఉంటోంది. గది అద్దె, తిండి కలిపి నలభై డాలర్లయింది. ఆమె దగ్గర చిన్న నోట్లన్నీ అయిపోయి వంద డాలర్ల నోటొక్కటే మిగిలింది. ఇప్పుడు అది వంటింటి బల్ల మీద, కాఫీ కప్పు కింద ఉంది. మిగతా అరవై తిరిగివ్వడానికి ఇంట్లో ఒక్క డాలరు చిల్లర లేదు.

పొయ్యి దగ్గర యుస్మారీ తల్లి నెరేయిదా గోధుమ అరెపా రొట్టెలు తిప్పుతోంది.

"బేకరీకి వెళ్లావుగా, ఏమన్నాడు?" అని అడిగింది ఎవరిస్తో తల్లి ఎర్మెలిందా, కుర్చీలోంచి.

"నోటు ఎండకి ఎత్తి పట్టుకుని, గోకి, వాసన కూడా చూశాడమ్మా. చివరికి ఒక రొట్టె కొనుక్కో, మిగతాదానికి కోడిగుడ్లూ చాక్లెట్లూ ఇస్తానన్నాడు."

"అన్ని చాక్లెట్లు తింటే ఈ అమ్మాయికి పన్ను మిగలదు," అంది ముసలావిడ. "ఉంచేయండి ఇక్కడే. ఇంకో ఆరు రోజులు తిని పడుకుంటే లెక్క సరిపోతుంది."

మిర్కాకి వాళ్ల భాష బాగానే అర్థమవుతుంది. "ఉండలేను అవ్వా. రేపు పొద్దున్న నదిలో పడవ ప్రయాణం ఉంది, దానికి ఈ రోజే బస్సెక్కాలి. అది తప్పితే ఇంక నది చూడకుండానే విమానం ఎక్కాలి," అంది దిగులుగా. రెండేళ్లు హోటల్లో గిన్నెలు కడిగి ఈ ప్రయాణానికి కూడబెట్టుకున్నానని వచ్చిన రోజే చెప్పింది.

"అద్దె వద్దులెండి. వెళ్లనివ్వండి," అంది నెరేయిదా, మొదటిసారిగా.

ఎవరిస్తో చేతులు పైకెత్తాడు. "వద్దంటే? రేపు నీళ్ల మోటారు బాగుచెయ్యడానికి వచ్చేవాడికి మీ అరెపాలు పెడతారా? అయినా అద్దె వదిలేస్తే మాత్రం? బస్సులో టికెట్‌కి వంద తీసిందంటే వెనక సీటు దాకా అందరికీ తెలిసిపోతుంది. తనిఖీ దగ్గర సిపాయి ఆ నోటు చూశాడంటే ఏదో ఒక కాగితం తక్కువైందని నోటు లాక్కుంటాడు. పోయిన నెల ఆ దారిలో ఎలా దోచుకున్నారో మీరు వినలేదా?"

"అద్దె ఇవ్వకుండా నేనూ వెళ్లను," అంది మిర్కా. బల్ల కింద సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ ఉంది. గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

నెరేయిదా వేడి అరెపా ఒకటి ఆమె కంచంలో వేసింది. "తినండి తల్లీ. కడుపు ఖాళీగా ఉంటే ఆ కొండ మలుపులకి తట్టుకోలేరు."

"సెన్యోరా, నదిలో నిజంగా గులాబీ రంగు డాల్ఫిన్లు ఉంటాయా?" అని నెరేయిదాని అడిగింది మిర్కా.

"ఉంటాయనే అంటారు. ఇక్కడ దిగినవాళ్లంతా వెనక్కొచ్చి ఫోన్లో చూపిస్తారు. నీళ్లలో ఒక మచ్చ చూపించి, అదే అంటారు. నేను అబ్బో అంటాను."

ఎర్మెలిందా పకపకా నవ్వింది. నెరేయిదా కూడా నవ్వి పెనం వైపు తిరిగింది.

"ఫార్మసీ ఆవిడని అడిగారా నాన్నా?" అంది యుస్మారీ.

"ఆదివారం. మూసేసింది."

"ఫాదర్‌గారిని? చందా డబ్బాలో ఒక్కో డాలరు నోట్లుంటాయి."

"అరవై ఉంటాయా? మన వీధివాళ్లు వేసే చందాకి?" అన్నాడు ఎవరిస్తో. "నువ్వూ నీ సలహాలూ! పోనీ వందా ఉంచుకుని, మిగతాది ఎప్పుడో పంపిస్తామందాం."

"చేతిలో పైసా లేకుండా ఆ పిల్లని రోడ్డు మీదకి పంపిస్తావా?" అంది ముసలావిడ. "దొంగలకి ఆ పని కూడా మిగల్చవన్నమాట."

కొడుకు తలదించుకున్నాడు. మిర్కా కళ్లు తుడుచుకుని, కప్పు కింది నోటు తీసి ఎవరిస్తో ముందుకి జరిపింది. "చిల్లర లేకపోతే పోనీయండి. నేను నడిచైనా వెళ్తాను," అంది. అది ఎంత దూరమో తెలిసి ఎవరూ నవ్వలేదు.

నెరేయిదా పొయ్యి ఆపింది. చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది. బీరువా తలుపు కిర్రుమన్న శబ్దం వినిపించింది.

"అమ్మ ఎక్కడో దాచిందన్నమాట!" అంది యుస్మారీ.

"నాకు తెలుసు," అన్నాడు ఎవరిస్తో, నోటు జేబులో పెట్టుకుంటూ. ముఖం వెలిగింది. "ముప్ఫై ఏళ్ల కాపురం. నాకు తెలియకుండా దాస్తారా మీరు?"

నెరేయిదా బయటికి వచ్చింది. ఒంటి మీద ఆదివారం గౌను, దానిపైన ఊలు శాలువా. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో చిన్న సంచీ. అట్లకాడ తీసి కూతురి చేతిలో పెట్టింది.

"దొరికిందా చిల్లర?" అన్నాడు ఎవరిస్తో.

"దొరికింది," అంది నెరేయిదా, అందరికీ వినబడేలా, మెల్లగానే. "బస్సుకీ భోజనానికీ పడవకీ ఈ ఫోనుతో నేను కడతాను. అరవై పూర్తయ్యేదాకా ఈ అమ్మాయికి చిల్లర నేనే."