డబ్బా తాత

ధనియాల మడిలో వరుసలన్నీ తలలు వేలాడేశాయి. పదకొండో వరుస ఒక్కటే నిగనిగలాడుతూ నిలబడింది!

"ఎవరో దొంగచాటుగా నీళ్ళు పోస్తున్నారు," అంది మేడమ్ వాచ్‌మన్‌తో.

నీళ్ళు ఆపేసి, ఏ రకం తట్టుకుంటుందో చూడడమే ఆమె ఉద్యోగం. విత్తనాల ఆఫీసు వాళ్ళు పొట్లాల మీద అంకెలే వేసి పంపుతారు. ఎవరి విత్తనమో తెలిస్తే మనసు అటు మొగ్గుతుందని.

కొత్త ఊళ్ళో ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. మధ్యాహ్నం షెడ్డులో క్యారేజీ విప్పితే, కంచె అవతలి నుంచి పలకరించేది డబ్బా తాత ఒక్కడే. చంకలో ఎప్పుడూ ఓ మూత డబ్బా.

"అన్నం తిన్నావా తల్లీ?"

"ఆఁ," అనేది. అంతకుమించి మాట పెంచేది కాదు. కానీ ఆ పిలుపు కోసం చెవులు అటే ఉండేవి.

ఆ రోజు తాత ఏకంగా కంచె లోపలే ఉన్నాడు. డబ్బా పక్కన పెట్టి, పదకొండో వరుస మీదకు వంగి.

మేడమ్‌కి ఒళ్ళు మండిపోయింది. "నీళ్ళు పోసేది మీరేనా?"

"నీళ్ళా? అయ్యో, కాదమ్మా! గింజ పట్టిందేమోనని..."

"కబుర్లు చెప్పకండి! నా కష్టమంతా నేలపాలు చేశారు కదా! మళ్ళీ ఇటు రాకండి."

తాత డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

నీళ్ళు తగిలిన వరుస పరీక్షకు పనికిరాదు. ఆ కోపంలోనే, ఇంకా పూత మీదున్న ఆ వరుస మొక్కలన్నీ పీకి పారేసింది.

ఆఖరి మొక్క చేతిలో ఉండగా చూసుకుంది. వేళ్ళ మట్టి పొడిపొడిగా రాలింది. ఎంత లోతు తవ్వి చూసినా తడి లేదు.

ఎవరూ చుక్క నీరు పొయ్యలేదు!

మర్నాడు క్షమించమని అడుగుదామని కంచె వైపే చూస్తూ కూర్చుంది.

"ఇంకెక్కడి తాతమ్మా?" అన్నాడు వాచ్‌మన్. "పొద్దున్నే పీకేసిన వరుస చూసి, ఇక నాకిక్కడేం పనుందని అద్దె గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు."

విత్తనాల ఆఫీసుకు ఫోన్ చేసింది. "పదకొండో రకం ఇంకో గుప్పెడు పంపరా?"

"ఒక్క గింజ కూడా లేదు మేడమ్. పోయిన భార్య పెరట్లో వేసుకున్నవట, ఉన్నవన్నీ ఊడ్చి ఇచ్చేశాడు ఓ తాత. పండాక గుప్పెడు తిరిగిస్తే చాలని, మా దగ్గర వరుస అంకె అడిగి తెలుసుకుని, ఖాళీ డబ్బా పట్టుకుని మీ కంచె దగ్గరే తిరుగుతుంటాడే, కనబళ్ళేదా?"