బ్యాగు ఉండగా ముసుగెందుకు?

దొంగతనానికి ముసుగు అక్కర్లేదు, మంచి బ్యాగు ఒక్కటి చాలని బావ కనిపెట్టాడు.

ఆ బ్యాగు మరదలిది. ఇంటి ముందుగదిలో కూర్చుని ఆమె కాన్వాసు బ్యాగుల మీద బొమ్మలు వేసి అమ్ముతుంది. పువ్వులూ పిట్టలూ కావు, చూడగానే గుండె గుభేలుమనే బొమ్మలు. ఆమె అక్క మొగుడే ఈ బావ. ఉద్యోగం ఊడినప్పటి నుంచీ పెళ్ళాంతో సహా ఇక్కడే మకాం.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయట బావా. మా అక్క సంపాదనెంత, నీ తిండెంత!" అని మరదలు పొద్దున్నే చురక అంటించింది.

"చూస్తూ ఉండు మరదలా. నా టైమూ వస్తుంది," అన్నాడు బావ.

అతని చూపు మేకుకి వేలాడుతున్న కొత్త బ్యాగు మీద ఉంది. దాని నిండా ఊదారంగు రాక్షసుడి తల. కళ్ళు గట్టిగా మూసుకుని, ముక్కుపుటాలు సొరంగాల్లా తెరిచి, నోరు చెవులదాకా చీల్చుకుని అరుస్తున్నాడు. ఆ నోట్లోంచి ఎరుపూ పసుపూ ఆకుపచ్చా చిమ్ముతూ చుక్కలూ నిప్పురవ్వలూ. కింద పేద్ద అక్షరాలతో 'ఢాం!'

ఇది భుజాన ఉంటే మనిషి మొహం ఎవడు చూస్తాడు?

ఎవడూ చూడలేదు. గడియారాల షాపులో అడుగుపెట్టగానే ఓనరు కళ్ళు బ్యాగుకి అతుక్కుపోయాయి. "అబ్బ, ఎక్కడ కొన్నారండీ?" అంటూ కొనడానికొచ్చిన ఇద్దరాడవాళ్ళు మీదికి వంగారు. బావ బ్యాగుని కౌంటరు మీద పెట్టి, తీరిగ్గా చూసుకోనిచ్చాడు. ఈలోగా అతని చెయ్యి పక్కనున్న ట్రే ఖాళీ చేసింది.

సందు మలుపులో బ్యాగుని లోపలి వైపు పైకి తిప్పాడు. ఉత్త నల్ల గుడ్డ. కాసేపటికి బ్యాగు మురిక్కాలవలోకీ, గడియారాలు అటక మీది పాత కుక్కర్లోకీ చేరాయి.

మర్నాడు సాయంత్రం ఇన్‌స్పెక్టరు ఆ ముగ్గురినీ వెంటేసుకుని ముందుగదికొచ్చాడు. బావ పారిపోలేదు. టీ గ్లాసుతో వచ్చి వాళ్ళ కళ్ళెదుటే బెంచీ మీద కూర్చున్నాడు. షాపు ఓనరు అతన్ని చూసి, "కాస్త జరగండి సార్," అని పక్కన సర్దుకున్నాడు. బావకి నవ్వాగలేదు.

"మొహం ఎలా ఉందయ్యా అంటే ముగ్గురూ బ్యాగు సంగతే చెబుతారమ్మా! పొట్టో పొడుగో కూడా తెలీదంట," అని తల పట్టుకున్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇక ఆ బ్యాగు దొరికితేనే దొంగ దొరికినట్టు."

"నేను వేసిందే సార్. అలాంటిది ఒక్కటే వేశాను. నిన్నట్నుంచి కనబడటం లేదు," అంది మరదలు దిగులుగా. "తలుపెప్పుడూ బార్లా తీసే ఉంటుంది. ఎవరెత్తుకెళ్ళారో."

"లోకం పాడైపోయింది సార్," అని బావ నిట్టూర్చాడు.

"అది సరే, ఆ రాక్షసుణ్ణి ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావమ్మా?"

"ఊహించి వెయ్యడం నాకు చేతకాదు సార్. ఎవర్నో ఒకర్ని చూసే వేస్తాను."

"మరి వీడెవడు?"

"చెబితే ఇంట్లో యుద్ధమే సార్!"

ముంచుకొస్తున్న నవ్వు దాచుకోవడానికి ఆమె గబుక్కున అటు తిరిగి రంగుపొడి డబ్బా మూత లాగింది. ఎర్రటి పొడి గుప్పున లేచింది.

బావ ముక్కు పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. లాభం లేకపోయింది. కళ్ళు మూసుకుపోయాయి, ముక్కుపుటాలు విచ్చుకున్నాయి, నోరు చెవులదాకా సాగింది. కిటికీ తలుపులు అదిరేలా తుమ్మాడు.

షాపు ఓనరు వేలు బావకేసి చాపాడు.

"సార్... బ్యాగు దొరికింది!"