ముట్టుకోకూడని తల

“చెయ్యి తియ్యి!”

కలో అత్త అరుపుకి పిసిలా చేతిలోని దువ్వెన, నాన్న తలకి జానెడు దూరంలో ఆగిపోయింది.

“కన్నకూతురివై ఉండి తండ్రి తల ముట్టుకుంటావా? రేపు ఆయన పళ్ళెంలో ఎంగిలి కూడా తింటానంటావు! టోంగాలో పుట్టిన పిల్ల చేసే పనులేనా ఇవి?”

అత్త గుమ్మం బయటే నిలబడి అరుస్తోంది. తమ్ముడున్న గదిలోకి అక్క రాకూడదు మరి. కానీ తమ్ముడి ఇంట్లో అక్క మాటకి ఎదురులేదు. బయట నిలబడే ఇల్లంతా ఏలుతుంది.

“కూతుర్నని నాన్నకి తెలీదుగా అత్తా,” అంది పిసిలా. “నన్ను ఆస్పత్రి పిల్లా అని పిలుస్తున్నాడు. నర్సమ్మ తలకి కట్టు కడితే నువ్వేమీ అనలేదే? మరి నేనెందుకు ముట్టుకోకూడదు?”

“నీ ప్రశ్నలకి చర్చి పాస్టరే పారిపోతాడు, నేనెంత! బట్టలు సర్దుకో. శనివారం పడవకి నిన్ను మా దీవికి తీసుకుపోతా. నువ్వెవరో తెలియని మనిషి దగ్గర ఆడపిల్లని ఎలా వదలను?”

అత్త విసవిసా వెళ్ళిపోయింది. ఎండకేసిన చాపలు దులుపుతున్న చప్పుడు పెరట్లోంచి వినిపించింది.

నాన్న సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. సముద్రం పొంగి ఊరిమీద పడ్డ పెద్ద అల ఆయన్ని ఎత్తి కొబ్బరి మానుకేసి కొట్టిన రోజునుంచీ అంతే. బకెట్లో నీళ్ళ చప్పుడైనా చాలు, గుమ్మం పట్టుకుని వణికిపోతాడు. ఆయన పేరు ఆయనకే చెబితే వింతగా వింటాడు.

నిజానికి పిసిలాకి జుట్టు దువ్వాలని లేదు. తిట్లు తినాలని ఉంది. నాన్నకి ఆమె అంటే ప్రాణం. కానీ ఎంత నవ్వులాటలోనైనా ఆమె చెయ్యి తలదాకా వస్తే కళ్ళెర్రజేసేవాడు. బుర్ర మరిచిపోయినా ఆ కోపం మరిచిపోతుందా? ఈ సంగతి తేల్చుకోకుండా పడవెక్కితే తనకి నిద్ర పట్టదు. ఒక్కసారి తిడితే చాలు, అప్పుడు తనని ఎవరు తీసుకుపోతారో చూద్దాం!

“దువ్వనా?” అంది మెల్లగా.

“ఆస్పత్రి పిల్లవేగా, దువ్వు,” అన్నాడు నాన్న.

పిసిలా దువ్వెన పక్కన పెట్టేసింది. అరచెయ్యి తీసుకెళ్ళి సరిగ్గా నడినెత్తిన పెట్టింది. నాన్న భుజాలు బిగుసుకున్నాయి. ‘తిట్టు, నాన్నా, తిట్టు’ అనుకుంది.

భుజాలు వదులయ్యాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఇంకాసేపు అలాగే ఉంచింది. తిట్టలేదు, తోసెయ్యలేదు. ఇక చేసేదేముంది, దువ్వెన తీసి దువ్వడం మొదలుపెట్టింది. అల మిగిల్చిన ఇసుక జుట్టులోంచి ఇంకా రాలుతూనే ఉంది. దాంతోపాటు ఆమె కన్నీళ్ళూ ఆయన మెడమీద రాలాయి. ఆయన తుడుచుకోనైనా లేదు.

“చూశావుగా?” గుమ్మం దగ్గరికొచ్చిన అత్త ఈసారి అరవలేదు. గొంతు పూర్తిగా మెత్తబడింది. “నా తమ్ముడు వాడి ఒంట్లో లేడమ్మా. పద, సంచీ సర్దుకో.”

పిసిలా నాన్న ఎదురుగా కూలబడింది. ఏడ్చి ఏడ్చి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. నాన్న పళ్ళెంలో సగం కొరికిన పెండలం ముక్క కొబ్బరిపాలలో నానుతోంది. కూతురే కానప్పుడు ఎంగిలేమిటి, అంటేమిటి? చెయ్యి చాచి ముక్క అందుకుంది.

పళ్ళెం చటుక్కున వెనక్కి జరిగింది. చేతిలో ముక్క కూడా పోయింది.

“తల ముట్టుకుని ఏడుస్తున్నావు కదా, పోనీలే అని ఊరుకున్నా,” అన్నాడు నాన్న కళ్ళెర్రజేసి. “ఇప్పుడు నాన్న ఎంగిలి కూడా తింటావా, పిసిలా?”