నొస్తే చెప్పాలె

"నొప్పి అనిపిస్తే చెయ్యెత్తండమ్మా," అని డాక్టర్ భార్గవి యంత్రం జోరు ఇంకాస్త పెంచింది.

సుభద్రమ్మ చెయ్యెత్తలేదు. పక్కకు తిరిగి పడుకుని గోడనే చూస్తోంది. కోత లేకుండా, మత్తు ఇవ్వకుండా, ధ్వని తరంగాలతో కిడ్నీలో రాయిని పగలగొట్టే కొత్త పద్ధతిని వనపర్తిలోని ఆ దవాఖానలో పరీక్షిస్తున్నారు. ఆమె అందుకు ఒప్పుకుని గద్వాల నుంచి వచ్చింది.

భర్త ఆశన్న ఒకచోట నిలవలేక మంచం చుట్టూ తిరుగుతున్నాడు. ఆమె కాలివేళ్లు ముడుచుకుపోవడం చూశాడు.

"మేడం, ఆమెకు నొస్తున్నట్టుంది."

"ఏం లేదు. నువ్వు జర బయట కూసో," అంది సుభద్రమ్మ.

డాక్టర్ యంత్రం ఆపేసింది. "మీరు ఓర్చుకుంటే నాకు లెక్క తప్పుతుందమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టే రేపు వచ్చేవాళ్లకు ఎంత జోరు పెట్టాలో తేలుస్తాం."

"నేను చెప్పకుంటే వాళ్లకు గూడ గింతే పెడ్తరా?"

"పెడతాం."

"గట్లయితే రాసుకో మేడం," అంది సుభద్రమ్మ. "మస్తు నొస్తుంది. నువ్వు పెంచకముందు నుంచే నొస్తుంది."

ఆశన్న తిరగడం ఆపాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోట ఆ మాట అతను వినలేదు.

డాక్టర్ జోరు తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. ఆశన్న మంచం పక్కన కూర్చున్నాడు.

"మగ్గం మీద కూసున్నప్పుడు గూడ నొస్తుండెనా?"

"నొస్తుండె."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు రోజూ చీర ఎంతదాకా వచ్చిందనే అడుగుతుంటివి."

ఆశన్న తల దించుకున్నాడు. మెల్లగా అడిగాడు.

"ఇప్పుడెట్లుంది?"

"ఇంకా నొస్తుంది," అంది సుభద్రమ్మ, అతనివైపు తల తిప్పి.