కుదిరినవాళ్ళు

"ఇంకెంతసేపమ్మా? అవతల రావుగారికి బస్సు టైమవుతోంది" అన్నారు గోవిందరాజులు గారు.

కనకమహాలక్ష్మి పలకలేదు. పలకాల్సింది కంప్యూటరు. ముప్పై దాటిన పెళ్ళికూతుళ్ళని వెతకమంటే అది నత్తలా పాకి పాకి మధ్యలో పడకేసింది. అమలాపురం మొత్తానికి కంప్యూటరున్న పెళ్ళిసంబంధాల ఆఫీసు గోవిందరాజులు గారిదొక్కటేనని బయట బోర్డొకటి.

బెంచీ మీదున్న ప్రభాకరరావు గారిది రాజోలు. తమ్ముడు మేష్టారుట, నలభై నిండేయిట. పిల్లకి ముప్పై దాటినా పర్వాలేదు, ఉద్యోగం చేసుకునేదైతే చాలన్నారు. మనవాళ్ళే, గోత్రం వేరు. కనకానికీ ముప్పై దాటేయి. తన పేరూ ఇందులోనే ఉంది. ఈ ఉద్యోగంలో చేరిన రోజునే "నీకు ఫీజేంటమ్మా, కూతురులాంటిదానివి" అని గోవిందరాజులు గారు ఎక్కించేరు. ముప్పై దాటిన పిల్ల కావాలని అడిగొచ్చిన మగవాడి తరఫు మనిషి మాత్రం ఇన్నాళ్ళకి ఈయనొక్కడే. నేనున్నానండీ అని ఆడది నోటితో చెప్పుకుంటే లోకం ఊరుకోదు. ఆ ముక్క మిషనే చెప్పాలి.

ఉపాయం గోవిందరాజులు గారే చెప్పేరు. కుదిరిపోయినవాళ్ళందర్నీ ఇంకా ఎందుకు మొయ్యడం, పీకిపారేస్తే తేలికవుతుంది కదా అని. పేరు పక్కన 'కుదిరింది' అని గుర్తు పెట్టే పని మొదట్నించీ ఆయనదే. శుభకార్యం, ఆ మీట ఇంకోళ్ళు నొక్కడానికి వీల్లేదంటారు.

గుర్తున్నవాళ్ళందర్నీ కనకం ఒక్క దెబ్బతో తీసేసింది. ఫైలు ఆవగింజంతైనా తగ్గలేదు.

"గెలలన్నీ దింపేసేక కూడా చెట్టు బరువు తగ్గలేదంటావేంటమ్మా?"

"తీసేసినా లోపలే ఉంటారండి. పైకి కనపడరంతే. ప్యాక్ అని కొడితేగానీ పోరు."

"కొట్టు మరి."

"కొడితే మళ్ళీ రారండి."

"కుదిరినవాళ్ళు మళ్ళీ మన గుమ్మం తొక్కుతారా ఏంటి? తొక్కితే అది ఇంకో గొడవ" అని ఆయన నవ్వితే, "ఆయ్, అదీ నిజమే" అని ప్రభాకరరావు గారూ నవ్వేరు.

కనకం కొట్టింది. డబ్బా కాసేపు గరగరలాడి ఊరుకుంది. ఫైలు సగానికి సగం పడిపోయింది. ఈసారి అడగ్గానే పేర్లొచ్చేయి. ప్రింటరు కీచుమంటూ కాగితాలు కక్కింది.

వాటిని ఆవిడ పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చూసింది. తనది లేదు. తన పేరు కొట్టి చూసింది. అలాంటి పేరు లేదంది మిషను.

ముందు తన చెయ్యే జారిందనుకుంది. కానీ తను తీసింది 'కుదిరింది' అని గుర్తున్నవాళ్ళనే. గుర్తు పెట్టే చెయ్యి ఈ ఆఫీసులో ఒక్కటే.

ఆ చేత్తోనే గోవిందరాజులు గారు కాగితాలు లాక్కుని, ప్రభాకరరావు గారికిచ్చి, అన్నీ బంగారంలాంటి సంబంధాలని చెప్పి మెట్ల దాకా సాగనంపేరు. తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డారు. కనకం ఆయన్నే చూస్తోంది.

ఆయన కళ్ళజోడు తీసి, ధోవతి చెంగుతో తుడుచుకుంటూ, తలెత్తకుండా అన్నారు.

"నువ్వూ వెళ్ళిపోతే ఈ మిషను ఎవరు చూస్తారమ్మా?"