బంధం ముప్పై శాతం

ఆదివారం కోటయుద్ధం అనగా, మహాంతేశ్ తన దండులోంచి ఒకణ్ని వెళ్లగొట్టాలని నిర్ణయించుకున్నాడు.

దండు అంటే నిజం దండు కాదు. ఫోనులో ఆడే ఆటలో రాక్షసులతో పోరాడే జట్టు. శక్తినగర్ క్వార్టర్లలో మహాంతేశ్, యరగేరలో వీరేశ్, ఇంకా ఎక్కడెక్కడి వాళ్లో అందులో ఉన్నారు. బట్టలు ఆరేస్తే బూడిద వాలే చోట ఉంటున్నాడు కనుక మహాంతేశ్ దానికి బూడిద దండు అని పేరు పెట్టాడు.

ఆ బూడిద వదిలే పవర్ ప్లాంటు కంట్రోల్ రూములో అతను చిన్న ఇంజనీరు. అక్కడ ప్రతి మాటకూ పైవాళ్ల ఒప్పుదల కావాలి. దండులో మాత్రం అతనే నాయకుడు, అతనిదే మాట. ఆదివారం ఓడితే దండు పేరే ఆటలోంచి చెరిగిపోతుందని తెలిసినప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

భార్య కావేరి రాయచూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. అతను ఇంటికొచ్చేసరికి ఆమె బస్సెక్కేది, ఆమె బస్సు దిగేసరికి అతను డ్యూటీకి బయల్దేరేవాడు. ఇద్దరూ ఇంట్లో ఉన్న పూట కూడా అతని తల ఫోనులోనే ఉండేది. ఆ ఆట ఏమిటో తనకూ చెప్పమని ఆమె ఒకసారి అడిగింది. నీకు అర్థం కాదులే అన్నాడు.

వెళ్లగొట్టవలసిన వాడి పేరు గువ్వ.

అది ఆటలో పెట్టుకున్న పేరు. అసలు ఎవడో, ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. గొంతు వినిపించడు. ఒక్కోసారి యుద్ధం మధ్యలోనే మాయమవుతాడు.

పైగా ఆట రాదు. కత్తి దూయడు, మంత్రం వేయడు. యుద్ధం మొదలుకాగానే మహాంతేశ్ బొమ్మ వెనక చేరి సంకెల గుర్తు నొక్కుతాడు. ఇద్దరి మధ్యా సన్నని గీత పడుతుంది. ఇక ఏ రాక్షసుడూ తన దగ్గరికి రాకుండానే, అందరికంటే ముందు చచ్చి పడి ఉంటాడు.

ఆ సంకెల సంగతి ఆట తయారుచేసిన వాళ్లు వివరించారు, లేదా వివరించామనుకున్నారు. గుర్తు మీద వేలు పెడితే "బంధం: సహచరునితో దెబ్బ ముప్పై శాతం" అని వస్తుంది. ఎవరి దెబ్బ, ఎవరికి, పెరుగుతుందా తరుగుతుందా అన్నది రాసిన మహానుభావుడికే తెలియాలి.

వీరేశ్ దానికి అర్థం తేల్చేశాడు.

"అన్నా, వాని దెబ్బలల్ల ముప్పై పాళ్లు నీ నెత్తిన పడుతున్నయ్. గిట్లనే ఉంటే ఆదివారం నిన్ను ముంచుతడు."

కంట్రోల్ రూములో ఒక మీటరు ముల్లు కాస్త వణికితే, ఎందుకు వణికిందో తేలేదాకా కుర్చీ వదలని మనిషి మహాంతేశ్. ఆ మాటను మాత్రం వెంటనే నమ్మాడు.

శనివారం సాయంత్రం అందరూ చూస్తుండగా గువ్వను నిలదీశాడు. ఆ సంకెల ఏమిటో తెలిసే వేస్తున్నావా అని రాశాడు.

జవాబు ఆలస్యంగా వచ్చింది.

"తెల్వదు. పక్కన ఉండనీకి అదొక్కటే కనపడ్డది."

దండంతా నవ్వు బొమ్మలు పెట్టింది. మహాంతేశ్‌కు ఒళ్లు మండింది.

"ఊకె సచ్చుడు తప్ప నీకేం రాదు. పో" అని రాసి, పేరు కొట్టేశాడు. కొట్టేశాక గుండె తేలికపడింది కూడా.

ఆదివారం కోట తలుపు తెరుచుకుంది. మొదటి తాకిడికే మహాంతేశ్ బొమ్మ నేలకూలింది. ఇన్నాళ్లూ ఎన్ని దెబ్బలు పడ్డా చెక్కుచెదరని బొమ్మ అది. నాయకుడు పడ్డాక మిగిలిన వాళ్లు ఎంతసేపు నిలుస్తారు? ముందు పెట్టుకున్న టీ చల్లారకముందే బూడిద దండు ఆటలో లేకుండా పోయింది.

ఎందుకిలా జరిగిందో వీరేశ్‌కు అంతుపట్టలేదు. మర్నాడు మహాంతేశ్‌ను సాధన మైదానానికి రమ్మన్నాడు. దూరంగా నిలబడి, తనే సంకెల నొక్కి, మహాంతేశ్‌ను రాక్షసుడి ముందుకు పొమ్మన్నాడు. మహాంతేశ్ మీద పడ్డ ప్రతి దెబ్బకూ దూరంగా ఉన్న వీరేశ్ ప్రాణం తరుగుతూ వచ్చింది.

వీరేశ్ ఫోను చేశాడు.

"ఉల్టా సమజ్ అయినం అన్నా. వాని దెబ్బలు నీకు రాలే. నీ దెబ్బలే వాడు తిన్నడు."

మహాంతేశ్ ఫోను పెట్టేశాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తన గెలుపులన్నీ గుర్తొచ్చాయి. గెలిచిన ప్రతిసారీ వెనక ఒక బొమ్మ చచ్చి పడి ఉండేది, అతను దాన్ని తిరిగి చూసిన పాపాన పోలేదు. మాఫీ అడుగుదామని గువ్వ కోసం వెతికాడు. ఆ పేరుతో ఎవరూ లేరని ఆట చెప్పింది.

సాయంత్రం కావేరి బస్సు దిగి వచ్చింది. చేతిలో ఫోను లేకుండా కూర్చున్న భర్తను చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

అతను మొదటిసారి ఆమెకు తన ఆట గురించి చెప్పాడు. ముక్కూమొహం తెలియని వాడెవడో తన కోసం దెబ్బలు తిన్నాడని, వాణ్ని పదిమందిలో అవమానించి పంపేశానని, తన మొహం తనకే చూసుకోబుద్ధి కావడం లేదని చెప్పాడు.

ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది. మంచినీళ్లు తాగింది.

"ఏమన్నరు వాన్ని?"

"ఏదో అన్న. మళ్ల నోటితోని అనబుద్ధి అయితలేదు."

"ఊకె సచ్చుడు తప్ప నీకేం రాదు, పో అన్నరు" అంది కావేరి మెల్లగా. "అప్పుడు నేను బస్సుల ఉన్న. పక్కన కూసున్నామె నా మొహం చూసి, మీ ఇంట్ల ఎవరన్న పోయిన్రా అమ్మా అని అడిగింది."