పెద్ద ప్లీడరు గారి పటం

పెద్ద ప్లీడరు ఇంట్లో నోరు తెరిస్తే తమ వంటింట్లో గిన్నెల మీద మూతలు లేచి పడేవని పక్కింటావిడ ఇస్త్రీ మనిషితో అందట. ఇస్త్రీ మనిషి ఆ మాటను చొక్కాలతో పాటు మడతపెట్టి తీసుకెళ్లి, ప్రతిదానికీ అడ్డు తగిలే అబ్జెక్షన్ ప్లీడరు ఇంట్లో దించింది. ఆయన దాన్ని నేరుగా పెద్ద ప్లీడరు సంతాపసభలోనే విప్పాడు.

"పోయినవాళ్లని ఏమీ అనకూడదు, ఒప్పుకుంటా. కానీ ఆ పటం వేలాడేది నా కుర్చీకి ఎదురుగా. పెళ్లాం బిడ్డల్ని వణికించిన మనిషి మొహం చూస్తూ నేను రోజూ టీ తాగాలా? అబ్జెక్షన్!"

కోర్టు ఆవరణలో ప్లీడర్లు కూర్చునే హాలది. పటం గోడకి ఆనించి ఉంది. పక్కన స్టూలు మీద సుత్తి, మేకు. ఎవరైనా అడ్డు చెబితే అందులో నిజమెంతో సభాధ్యక్షుడు తేల్చాకే ఆ గోడకి పటం ఎక్కుతుంది. సరిగ్గా ఆ గోడకే, సరిగ్గా ఆ కుర్చీకి ఎదురుగానే ఎక్కాలన్నది పెద్ద ప్లీడరు ఆఖరి కోరిక.

సభాధ్యక్షుడు రిటైరైన జడ్జి. కాసేపటి క్రితమే ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మా మిత్రుడి నల్లకోటుకి జేబులు రెండే. ఒకదాంట్లో చట్టం, ఇంకోదాంట్లో దయ" అని హాలంతా చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇంకా ఆ ఊపులోనే ఉన్నాడు.

"అయితే ఇంటివాళ్లని విందాం" అన్నాడు.

ముందు కొడుకు లేచాడు. పళ్ల డాక్టరు. ఊళ్లోవాళ్ల నోళ్లు తెరిపించడమే తప్ప తన నోరు తెరిచి ఎరగడు.

"మా నాన్న..." గుటక మింగాడు. "కోపాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చేవారు."

వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. అబ్జెక్షన్ ప్లీడరు కూడా కొంచెం తగ్గినట్టే కనిపించాడు.

కూతురు అప్పుడే బయట కారు పెట్టి వచ్చింది. వచ్చిన మనిషిని వచ్చినట్టే మైకు దగ్గరికి తోశారు.

"మా నాన్న..." అదే చోట గుటక మింగింది. "కోపాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చేవారు."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"నీకూ చెప్పారా?" కొడుకు గొణిగాడు.

"నీకొక్కదానికే చెబుతున్నానన్నారు అన్నయ్యా!"

మైకు ఆ మాటల్ని కూడా హాలంతా వినిపించింది.

"ఇద్దరు సాక్షులు, ఒకటే ముక్క! గుటకతో సహా!" అబ్జెక్షన్ ప్లీడరు బల్ల చరిచాడు. "మంచం పట్టి కూడా సాక్షుల్ని తయారుచేశాడండీ మహానుభావుడు!"

ఒంట్లో బాగున్న రోజుల్లో పెద్ద ప్లీడరు ఇలాంటి తప్పు చెయ్యడు. ఎవరి మాట వాళ్లకి, ఎవరి తడబాటు వాళ్లకి కొలతలు తీసి కుట్టి ఇచ్చేవాడు. ఆఖర్న జ్వరంలో ఎవరికేం అప్పగించాడో మరిచిపోయి ఉంటాడు.

జడ్జి కళ్లు మెరిశాయి. బెంచీ దిగినా ఆయన ముక్కు ఇంకా డ్యూటీలోనే ఉంది. "నేర్పిన సాక్ష్యం! వాసన పట్టేశాను. ఏమీ అనుకోవద్దమ్మా, పటం ఇంటికి తీసుకెళ్లండి."

కూతురు ముఖం కందిపోయింది. "పద అమ్మా, పోదాం."

ముందు వరసలో ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్న ప్లీడరు భార్య లేచింది. పటం వైపు కాదు, స్టూలు వైపు నడిచి సుత్తి అందుకుంది.

"అరిచేవారండీ. పక్కింటావిడ తగ్గించి చెప్పింది. మూతలేమిటి, గిన్నెలే లేచేవి. ఇన్నేళ్లు నేను చూశానుగా ఆ మొహం, ఇకనుంచి మీరు చూడండి."

"విన్నారా!" అబ్జెక్షన్ ప్లీడరు గంతేశాడు.

"అలా కుదరదమ్మా" అన్నాడు జడ్జి. "ఇవాళ ఇక్కడ నేర్పిన మాటలు చెల్లవు."

"మరి మీ నల్లకోటు జేబుల సంగతేంటి జడ్జి గారూ? ఆయన మీకది వల్లెవేయిస్తుంటే పక్కగదిలో మందు కలుపుతూ విన్నాను. చట్టం ముందా, దయ ముందా అని మీరు తికమకపడుతుంటే, ఆ జ్వరంలోనే గిన్నెలు లేచేలా అరిచారు మీ మీద. ఇవాళ మాత్రం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పారు. ఇంతకీ మేకు ఎక్కడ కొట్టమంటారు?"